రిలీవర్ వచ్చేదాకా

సింకు కింద ఎవరో గుర్రు పెడుతున్నారని మా బండిని కిరాయికి తీసుకున్న సంతోష్‌రావు అనే ఆయన ఫోన్‌లో రాసి పంపాడు. బండి బాగుందట, పరుపు బాగుందట, పొయ్యి కూడా బాగుందట. సింకు కింద పడుకున్న మనిషిని దించేసి పంపితే ఇంకా బాగుంటుందట. కరీంనగర్ వాళ్ల వెటకారం ఇలాగే ఉంటుంది, బొట్టు పెట్టి పిలిచి మరీ తిడతారు. నాకు ఒళ్లు మండింది. ఆయన అన్నది నిజం కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండింది.

ఆ బండి ఒకప్పుడు బడి పిల్లల వ్యాను. నేనూ మా ఆయన రాకేశూ కలిసి లోపలి సీట్లన్నీ పీకేసి, పరుపులు, గ్యాస్ పొయ్యి, కిటికీ కింద ఒక స్టీలు సింకు పెట్టాం. వానాకాలంలో ఆదిలాబాద్ జలపాతాలు చూడబోయే కుటుంబాలకు కిరాయికి ఇస్తాం. సింకు కింద అల్మారాలో నీళ్ల ట్యాంకు, దాని పక్కన వాడిన నీళ్లు పడే బకెట్, రెండింటి నడుమ బ్యాటరీతో నడిచే చిన్న పంపు. నల్లా తిప్పితే పంపు మేలుకుని నీళ్లెత్తాలి, నల్లా కట్టేస్తే పడుకోవాలి. మాది పడుకునేది కాదు. లోపలి రబ్బరు బిళ్ల అరిగిపోయి, పైపులోకి ఎక్కిన నీళ్లు మెల్లగా మళ్లీ ట్యాంకులోకి జారిపోయేవి. అలా జారినప్పుడల్లా పంపు ఉలిక్కిపడి లేచి, గుర్ర్‌మని నీళ్లెత్తి, ఆగేది. కాసేపటికి మళ్లీ గుర్ర్. నల్లా ఎవరూ ముట్టుకోకపోయినా దాని పని దానిదే.

మార్చాలి, మార్చాలి అనుకుంటూనే ఉన్నాను. నాకు నూరు పనులు. ఒకచోట కూర్చోవడం నాకు చేతకాదు, అన్నం తింటూ కూడా లేస్తాను, ఎందుకు లేచానో మరిచిపోయి మళ్లీ కూర్చుంటాను. నన్ను కన్న మా అవ్వ సత్తవ్వ మాటల్లో నేను కాలు కాలిన పిల్లిని. ఆ పోలిక నాన్నది, మా బాపుదని కూడా ఆమే అంటుంది. కానీ బాపు సంగతి అది కాదు. బాపు తన ఉద్యోగమంతా ఒకేచోట కూర్చుని చేసినవాడు. ఆయనకు కాలు నిలవకపోవడం రిటైరయ్యాక మొదలైంది.

మా బాపు రాయమల్లు శ్రీరాంపూర్ దగ్గర బొగ్గు గనిలో, మా మాటల్లో బాయిలో, పంపు నడిపే ఖలాసి. బాయి అడుగున నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వాటిని పైకి తోడే పంపు పక్కన ఒక మనిషి కూర్చోవాలి. పంపు ఆగితే నీళ్లు పెరుగుతాయి, నీళ్లు పెరిగితే లోపల పనిచేసేవాళ్ల గతి ఏమిటో చెప్పనక్కరలేదు. అందుకని వాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి పంపు దగ్గర నిలబడేదాకా ముందు షిఫ్టు మనిషి లేవకూడదు. ఆ వచ్చే మనిషి పేరు రిలీవర్. నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, పంపు ఎలా నడుస్తోంది, ఆ రెండు ముక్కలూ రిలీవర్‌కు అప్పజెప్పి అప్పుడు పైకి రావాలి.

ఆ మాట బాయిలోంచి మా క్వార్టర్‌లోకి కూడా వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి అవ్వ వాకిట్లోకి పోవాలంటే రిలీవర్ రావాలని కేకేసేది. నేను పోయి గిన్నె ముందు నిలబడితే తప్ప ఆమె కదిలేది కాదు. నిలబడ్డాక నేను కదిలితే నా వీపు చింతపండయ్యేది.

బాపు డ్యూటీలో నిద్రపోతాడని ఆయనతో పనిచేసిన లింగమూర్తి మామ మా ఇంటికొచ్చినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు. పంపు నడిచినంతసేపు కళ్లు మూసుకుని ఉంటాడట, ఆగిందంటే మాత్రం అందరికన్నా ముందు లేస్తాడట. బాపు ఒప్పుకునేవాడు కాదు. నిద్ర కాదు, కండ్లు మూసుకుని వింటున్నా అనేవాడు. ఆ జవాబు విని అవ్వ పడీపడీ నవ్వేది.

రిటైరైన రోజు సగం షిఫ్టులోనే ఆయన్ని పైకి పిలిపించారు. దండలు, శాలువా, ఫొటోలు. పై అధికారులకు వేరే ఊళ్లో మీటింగ్ ఉండి ముందుగా కానిచ్చారు. అందరూ చప్పట్లు కొడుతుంటే బాపు మెడలో దండతో పక్కనున్నవాడి చెవిలో, రిలీవర్ రాలే ఇంకా, అన్నాడట. షిఫ్టు సర్దార్ చూసుకుంటాడులే కాకా, ఇంక నీకెందుకు ఫికర్ అన్నారట. ఆ ముచ్చట కాలనీ అంతా చెప్పుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత బాపుకు నిద్ర పోయింది. పోయిందంటే పూర్తిగా పోయింది. పగలూ లేదు, రాత్రీ లేదు. మంచం మీద పడుకోవడం, లేవడం, తలుపు గడియ చూడడం, గ్యాస్ కట్టేశారా అని చూడడం, వాకిట్లో అటూ ఇటూ తిరగడం. డాక్టర్ నిద్రమాత్రలు ఇచ్చాడు. అవి వేసుకుంటే నిద్ర వచ్చేది గానీ లేచాక కాళ్లు తేలిపోయేవి. అలా తూలి స్నానాలగదిలో పడితే నుదురు పగిలి కుట్లు పడ్డాయి. ఇంకోసారి పడితే కష్టమని డాక్టరే అన్నాడు. నిద్ర లేకపోతే బీపీ దిగదని కూడా ఆయనే అన్నాడు. మాకు నిద్ర కావాలి, మాత్ర వద్దు. రెండూ ఒక్కచోట దొరకడం లేదు.

అవ్వ నాకు ఫోన్ చేసింది. "తీస్కపో. నీ బండిల ఎక్కించుకోని నాలుగు దినాలు తిప్పు. గాలి మారితె పంటడేమో. నేనన్న జర కన్ను మూస్త."

నేను కరీంనగర్ నుంచి బండి తీసుకుని నస్పూర్‌లో వాళ్లింటికి వెళ్లాను. అవ్వ బాపు బట్టల సంచీ, సర్వపిండి డబ్బా బండిలో పెట్టింది. చివరికి మాత్రల పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టి గుప్పిట మూసింది. తప్పకపోతేనే ఇయ్యి అంది. ఆమె కళ్ల కింద నలుపు చూస్తే ఆయనకా ఈమెకా జబ్బు అని అనుమానం వస్తుంది.

మొదటి మజిలీ ధర్మపురి. గోదావరి ఒడ్డున నీడ చూసి బండి ఆపాను. బాపు స్నానం చేశాడు, నరసింహస్వామి గుడిలోకి వెళ్లొచ్చాడు, సర్వపిండి తిన్నాడు. సింకు పక్కన పరుపు మీద ఒరిగాడు. నేను చక్రాల గాలి చూసి, అద్దాలు తుడిచి, కాళ్లు ఆగక రేవు దాకా నడిచి వచ్చేసరికి ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. దగ్గరికి పోయి ఊపిరి చూశాను కూడా. సింకు కింద పంపు గుర్ర్‌మంటే, బాపు అంతకన్నా గట్టిగా గుర్రు పెడుతున్నాడు. పొద్దు వాలేదాకా పడుకున్నాడు.

లేచాక అడిగితే, "పండుకోలే బిడ్డా. కండ్లు మూస్కోని ఇంటున్న" అన్నాడు. నాకు ఆ జవాబు ఎంత తియ్యగా వినిపించిందో చెప్పలేను.

ఇక ఆ గొప్ప ఎవరిదన్న పంచాయితీ మొదలైంది. అవ్వ నరసింహస్వామికి మొక్కుకుందట, నిద్ర పడితే కొబ్బరికాయ కొట్టిస్తానని. కాబట్టి స్వామిది అంది. రాకేశ్ తాను ఏరి తెచ్చిన పరుపుది అన్నాడు. నా లెక్కలో అది నా డ్రైవింగ్‌ది, నా బండిది. బాపును కరీంనగర్ మా ఇంటికి తీసుకొచ్చాక కూడా ఆయన లోపల మంచం మీద పడుకోలేదు. బండిలో చల్లగా ఉంటుందని వాకిట్లో ఆపిన బండెక్కి పడుకున్నాడు, హాయిగా పడుకున్నాడు. ఇంట్లో కూలర్ ఉంది, బండిలో లేదు. అయినా ఎక్కడ చల్లగా ఉందో మేము అడగలేదు. పెళ్లి కుదిరితే పదిమంది పెద్దలన్నట్టు ఎవరి గొప్ప వాళ్లం చెప్పుకుంటూ కూర్చున్నాం.

మర్నాడు బాపు నిద్ర లేచి సింకు వైపు చూస్తూ, "బిడ్డా, గా పంపు ఎందుకట్ల గులుగుతది?" అన్నాడు.

అంతే, నాకు చురుక్కుమంది. సంతోష్‌రావు అన్నాడంటే కిరాయిదారు, పోనీ అనుకోవచ్చు. కన్నతండ్రి చెవిన కూడా పడిందంటే ఇక ఊరుకోలేను. ఆయన పాపం నిద్రపోతుంటే ఇది గుర్రుమని చెవిలో పోరుతోంది, ఈ పీడ కూడా లేకపోతే ఇంకెంత బాగా పడుకుంటాడో అనుకున్నాను. అనుకుంటే ఆగే మనిషిని కాదు. స్క్రూ డ్రైవర్ తెచ్చి సింకు కింద దూరాను.

బాపు గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పంపు తిప్పడం తప్ప విప్పడం ఆయనకు రాదు. అది ఫిట్టర్ పని, ఫిట్టర్ పనిలో ఖలాసి వేలు పెట్టడు. బ్యాటరీ తీగ పీకి, నల్లా తెరిచి పైపులో ఉన్న నీళ్లు దింపాను. పైపులను పట్టుకున్న క్లిప్పులు వదులు చేస్తుంటే ఆయన మెల్లగా అన్నాడు.

"నడిచే పంపును ఎవలన్న ఇప్పుతరా బిడ్డా?"

"నడుసుడు కాదు బాపు, ఆగుతలేదు. గదే దాని రోగం."

కొత్త వస్తువు అంటే ముసలివాళ్లకు ఉండే జంకు అనుకున్నాను. పంపు ఊడబీకి, తుడిచి, కవర్లో వేసుకుని బజారుకు పోయాను.

కరీంనగర్‌లో బండి సింకు పంపు అని అడిగితే ఎవరికీ అర్థం కాలేదు. ఒకడు మంచినీళ్ల ఫిల్టర్ లోపలి పంపు చూపించాడు, దానికి మా బ్యాటరీ చాలదు. ఇంకొకడు ఇంటి మీది ట్యాంకుకు ఎక్కించే మోటర్ చూపించాడు, అది పెడితే నల్లా ఊడి ఎదురింట్లో పడుతుంది. తిరిగి తిరిగి చివరికి పొలానికి మందు కొట్టే స్ప్రేయర్లు అమ్మే శ్రీహరి దుకాణంలో తేలాను. నా చేతిలో పంపు చూడగానే అతను తల ఊపాడు. వీపుకు తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండే పంపు ఇదే జాతిదట. లోపలికి వెళ్తూ ఎన్నెకరాల పత్తి అక్కా అని అడిగాడు. పత్తి లేదు, సింకు ఉంది అన్నాను. అతను ఆగి వెనక్కి తిరిగాడు.

"సింకుకేం పురువు వట్టింది?"

ఆ జోకుకు దుకాణంలో ఉన్న రైతులంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, తొందరలో ఉన్నాను. కొత్త పంపు తీసుకుని, పాతదాన్ని స్పేర్లకు ఉంచుకొమ్మని అతనికే ఇచ్చేసి వచ్చాను.

బిగించడం అనుకున్నంత తేలిక కాలేదు. పైపు మూతి బిగుసుకుపోయి కొత్త పంపుకు ఎక్కలేదు. గ్లాసులో వేడినీళ్లు పోసి పైపు కొన ముంచితే మెత్తబడి ఎక్కింది. పంపు మీద బాణం గుర్తు ఎటుందో చూసి, ట్యాంకు పైపు ఇటు, నల్లా పైపు అటు తొడిగాను. ట్యాంకు వైపు చిన్న జల్లెడ పెట్టాను, ఇసుక పోకుండా. ఎర్ర తీగకు ఎర్రది, నల్ల తీగకు నల్లది కలిపి టేపు చుట్టాను. పంపు కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టి స్క్రూలు బిగించాను, చప్పుడు చెక్కకు ఎక్కకుండా. రాకేశ్ ఆఫీసు నుంచి వచ్చి నా కాళ్లు మాత్రమే బయట కనిపిస్తుంటే వాటితోనే మాట్లాడాడు.

బ్యాటరీ తీగ తగిలించి నల్లా తిప్పాను. అది దగ్గింది, గాలి ఉమ్మింది, ఇంకోసారి దగ్గి సన్నగా, తర్వాత నిండుగా నీళ్లు పోసింది. నల్లా కట్టేశాను. పంపు టక్కున ఆగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. ఏమీ లేదు. ఎంతసేపు నిలబడ్డా ఏమీ లేదు. రాకేశ్ చప్పట్లు కొట్టాడు, నేను సింకు మీద ఒక దరువేశాను.

బాపు వంగి అల్మారాలోకి చూశాడు. ఆగిందా అని అడిగాడు. ఆగింది బాపు అన్నాను. మళ్లీ ఎప్పుడు నడుస్తుంది అన్నాడు. నల్లా తిప్పితేనే అన్నాను. మంచిదే అని ఆయన బండి దిగి గేటు దాకా పోయి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు.

మొదట నేను పట్టించుకోలేదు. సంతోష్‌రావు చుట్టాలెవరో కుంటాల జలపాతానికి బండి కావాలన్నారు, ఆ దారి ఒకసారి చూసి రావాలని బాపును ఎక్కించుకుని నిర్మల్ మీదుగా బయలుదేరాను. దారి పొడుగునా ఆయన అడిగినవే అడిగాడు. తలుపు పడ్డదా, గ్యాస్ కట్టినవా, ట్యాంకు మూత పెట్టినవా. బండి ఆపితే దిగి చుట్టూ తిరిగి వచ్చేవాడు. పరుపు మీద ఒరిగేవాడు, పైకప్పు చూసేవాడు, లేచేవాడు. అడవి గాలి, వాన జల్లు, తారు రోడ్డు మీద చక్రాల జోల, ఏదీ పనిచేయలేదు. రెండో నాటికి ఆయన కళ్లు చింతనిప్పులయ్యాయి. నా డ్రైవింగ్ గొప్ప అక్కడితో తీరిపోయింది. రాకేశ్ పరుపు గొప్ప కూడా.

మిగిలింది స్వామి. అవ్వ ఫోన్‌లో నన్ను ఉతికి ఆరేసింది. కొబ్బరికాయ కొట్టావా అంది. కొట్టలేదు, మరిచిపోయాను. "సామితోని పరాష్కాలా? గందుకే ఇచ్చిన నిద్ర గుంజుకున్నడు" అంది. నాకు అంత నమ్మకం లేదు. కానీ నమ్మకం లేదని కూర్చుంటే బాపు నిద్రపోతాడా? జలపాతం ముఖం కూడా చూడకుండా బండి తిప్పాను.

ధర్మపురిలో కొబ్బరికాయ కొట్టాం. బండిని అదే చోట ఆపాను, చక్రాల గుర్తులు ఇంకా ఉంటే వాటి మీదే ఆపేదాన్ని. సర్వపిండి నేనే చేశాను, కాస్త మాడింది, అయినా బాపు తిన్నాడు. అదే పరుపు మీద, అటువైపే తల పెట్టి పడుకోబెట్టాను. నేను కిందికి దిగి, కాళ్లు పోదామంటున్నా పోకుండా, బండికి ఆనుకుని నిలబడ్డాను. కొంతసేపటికి బండి కదిలింది. బాపు లేచాడు. దిగి వచ్చి, చెప్పులు వేసుకుని, నన్ను చూసి ఏదో తప్పు చేసినట్టు నవ్వాడు.

"నిద్ర వస్తలేదు బిడ్డా. నువ్వు పరేషాన్ గాకు."

ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆయన నా కోసం నిద్రపోవాలని ప్రయత్నిస్తున్నాడు, పిల్లవాడు పరీక్ష కోసం కష్టపడ్డట్టు. అది ఆయన వల్ల కావడం లేదు. ఇసుకలో ఒడ్డు వెంట పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు. నడకలో అప్పుడే తూలు కనిపిస్తోంది.

అవ్వ ఫోన్ చేసింది. "పన్నడా?"

"పండలే అవ్వా."

అవ్వ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సన్నటి గొంతుతో, "ఇంకేం జేస్తం, మాత్ర ఇయ్యి. పక్క పొంటి ఉండు, పడకుండ పట్టుకో" అని పెట్టేసింది.

మాత్రల పట్టీ తీసి సింకు గట్టు మీద పెట్టాను. నాకు అందరి మీదా కోపం వచ్చింది. డాక్టర్ మీద, దండలు వేసి పంపినవాళ్ల మీద, కొబ్బరికాయ తీసుకుని ఊరుకున్న స్వామి మీద. స్వామిని ఏమీ అనలేం కాబట్టి గిన్నెల మీద చూపించాను. మాడిన పెనాన్ని గీకి గీకి తోమి, విసురుగా నల్లా కట్టేసి, చేతులు తుడుచుకున్నాను. ఆ విసురులో నల్లా సగమే తిరిగింది. నూలు పోగంత సన్నగా నీళ్లు కారుతున్నాయి.

సింకు కింద గుర్ర్‌మంది. ఆగింది. కాసేపటికి మళ్లీ గుర్ర్.

ఈ కొత్తదానికి కూడా పాత రోగం పట్టిందా అని ఉలిక్కిపడి వంగాను. అప్పుడు కారుతున్న నల్లా కనిపించింది. కట్టేద్దామని చెయ్యి వేసి, ఎందుకో గుమ్మం వైపు చూశాను. ఒడ్డు నుంచి తిరిగి వస్తున్న బాపు బండి దగ్గర ఆగిపోయాడు. తల ఒక పక్కకు వంచాడు. పంపు గుర్ర్‌మంది. ఆయన మెట్టెక్కి లోపలికొచ్చి, పరుపు మీద కూర్చుని గోడకు వీపు ఆనించాడు. ఇంకోసారి గుర్ర్‌మంది. ఆయన కళ్లు మూసుకున్నాయి, గడ్డం ఛాతీ మీదికి దిగింది.

నేను నల్లా కట్టేశాను. నిశ్శబ్దం. కొంచెంసేపు గడిచిందో లేదో బాపు కళ్లు తెరిచాడు. తలుపు వైపు చూశాడు, లేవబోయాడు. నేను నల్లా మళ్లీ నూలు పోగంత తిప్పాను. పంపు గుర్ర్‌మంది. కళ్లు మూతపడ్డాయి.

నల్లా మీది చెయ్యి తియ్యకుండా నిలబడ్డాను. నడిచే పంపును ఎవలన్న ఇప్పుతరా అని ఆయన మెల్లగా అన్న మాట అప్పుడు చెంప మీద కొట్టినట్టు వినిపించింది. గాలి కాదు, పరుపు కాదు, నా బండి అసలే కాదు. పంపు నడుస్తున్నంతసేపు బాపు కళ్లు మూసుకోగలడు. ఆగితే లేవాలి. మాకందరికీ ఆయన రిటైరయ్యాడు, ఆయనకు మాత్రం కాలేదు. రిలీవర్ రాలేదని దండ మెడలో ఉండగానే చెప్పాడు. అందరం నవ్వాం.

కొబ్బరికాయకు కాస్త గొప్ప దక్కాల్సిందేనేమో. ఆ కోపం లేకపోతే నేను నల్లా సరిగానే కట్టేసేదాన్ని.

కానీ సన్నగా కారినా నీళ్లు నీళ్లే. ట్యాంకు ఖాళీ అయితే పంపు ఉత్త గాలి పీల్చి గోల చేస్తుంది, ఆ తర్వాత కాలిపోతుంది. పాత పంపేమో శ్రీహరి దుకాణంలో ఈపాటికి ముక్కలై ఉంటుంది. నేను సింకు కింది బకెట్ మెల్లగా లాగి, సబ్బు నీళ్లు బయట పారబోసి, కడిగి మళ్లీ పెట్టాను. ఇప్పుడు అందులో పడేవి తేట నీళ్లే. బకెట్ సగం కాగానే తీసి, కింద గిన్నె పెట్టి, ఆ నీళ్లు ట్యాంకు మూతిలో పోశాను. చప్పుడు కాకుండా అంచు వెంట పోశాను. మళ్లీ బకెట్ పెట్టి కింద చెక్క మీద కూర్చున్నాను. నీళ్లు పైకి, నీళ్లు కిందికి. బాయిలో ఇలాగే ఉండేదేమో.

ఫోన్ మోగబోతే ఆపేశాను. కుంటాల వెళ్లేవాళ్లు. తర్వాత చెప్పుకోవచ్చు. మాత్రల పట్టీ తీసి సంచీలో అడుగున వేశాను. బాపు మెల్లగా పక్కకు ఒరిగి పూర్తిగా పడుకున్నాడు. నోరు తెరుచుకుంది, గుర్రు మొదలైంది.

ఇంకోసారి బకెట్ ఎత్తుతుంటే నా మోచెయ్యి అల్మారా తలుపుకు తగిలింది. బాపు కళ్లు తెరవకుండానే కదిలాడు. నిద్రలోంచే అడిగాడు.

"రిలీవర్ వచ్చిండా?"

బకెట్ కింద పెట్టి ఆయన పరుపు పక్కకు జరిగాను.

"వచ్చిన బాపు. నేనే."

బాపు, ప్రతి షిఫ్టు చివరా చెప్పినట్టే, ఒక్కో మాటా విడిగా చెప్పాడు.

"నీళ్లు దిగినయ్. పంపు మంచిగనే నడుస్తంది. జర చూస్కుంట ఉండు."

సరే అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకున్నాడు. పంపు గుర్ర్‌మంది. నేను బకెట్‌లో నీళ్లు ట్యాంకులో పోసి, మళ్లీ వచ్చి దాని పక్కనే కూర్చున్నాను.